రియాక్టా, ఉత్త హెచ్‌టీఎంఎల్లా: మామూలు ఫోన్‌లో ఏది మేలు?

ఒక ట్యూషన్ సెంటర్‌కు ఫీజు ఫారం రియాక్ట్‌లో (వెబ్ పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) చేసి ఇచ్చాను. నా ల్యాప్‌టాప్‌లో టక్కున తెరుచుకునేది. అమ్మ ఫోన్‌లో, 3 జీబీ ర్యామ్ ఉన్న పాత ఫోన్‌లో, సబ్మిట్ నొక్కితే ఏమీ కదల్లేదు. అమ్మ మళ్లీ నొక్కింది, ఇంకోసారి నొక్కింది. కాసేపటికి మూడు ఎంట్రీలూ ఒకేసారి వెళ్లిపోయాయి.

నెట్ బాగానే ఉంది. ఫోన్ ప్రాసెసర్ దగ్గరే తిప్పలు. 100 కేబీ ఫొటో అయితే విప్పి తెరమీద పెడితే సరిపోతుంది. 100 కేబీ జావాస్క్రిప్ట్‌ను మాత్రం చదవాలి, కంపైల్ చేయాలి, నడపాలి. ఈ పని ఎక్కువగా బ్రౌజర్ మెయిన్ థ్రెడ్‌లో, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా పనులు చేసే వరసలో జరుగుతుంది. మన నొక్కుడుకు స్పందించాల్సింది కూడా అదే. రియాక్ట్, దాన్ని బ్రౌజర్‌కు కలిపే రియాక్ట్ డామ్ రెండూ కలిపి కంప్రెస్ చేశాకే 40 కేబీ దాటుతాయి. మన కోడ్, ప్యాకేజీలు (ఇతరులు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) ఆపైన. నొక్కిన 200 మిల్లీసెకన్లలోపు తెర మారితేనే బాగున్నట్టని గూగుల్ కొలమానం ఐఎన్‌పీ (ఇంటరాక్షన్ టు నెక్స్ట్ పెయింట్) లెక్క. 2024 మార్చి నుంచి అది కోర్ వెబ్ వైటల్స్‌లో, అంటే పేజీ వాడకం ఎలా ఉందో చెప్పే గూగుల్ ముఖ్య కొలమానాల్లో ఒకటి.

అదే ఫారం ఉత్త హెచ్‌టీఎంఎల్‌లో మళ్లీ రాశాను. ఇన్‌పుట్ టైప్ 'టెల్' అని పెట్టగానే అంకెల కీప్యాడ్ వచ్చింది. 'రిక్వయర్డ్' అని రాస్తే ఖాళీ గడిని బ్రౌజరే పట్టుకుంది. వీటికోసం నేను అంతకుముందు రెండు ప్యాకేజీలు దించుకున్నాను! తెలుగు వెబ్ ఫాంట్ కూడా తీసేశాను. ఆండ్రాయిడ్‌లో తెలుగు ఫాంట్ ఎలాగూ ఉంటుంది, ఒత్తులు, గుణింతాల వల్ల మన ఫాంట్ ఫైళ్లు బరువు కూడా.

మరి రియాక్ట్ వద్దా? సీట్లు ఎంచుకునే పేజీ, డ్యాష్‌బోర్డ్ లాంటివాటిలో ఒకచోట మారితే పదిచోట్ల మారాలి. అక్కడ రియాక్టే మేలు, చేత్తో రాస్తే చిక్కుముడే. పేజీని సర్వర్‌లోనే హెచ్‌టీఎంఎల్‌గా తయారుచేసి పంపే సర్వర్ రెండరింగ్ మధ్యేమార్గం. పేజీ త్వరగా కనిపిస్తుంది కానీ, హైడ్రేషన్ (ఆ పేజీకి జావాస్క్రిప్ట్ వచ్చి తగులుకోవడం) అయ్యేదాకా చాలా బటన్లు పలకవు.

అమీర్‌పేటలో కోర్సు చేరే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నేను చెప్పేదొకటే. ఉద్యోగానికి రియాక్ట్ అడుగుతారు, నేర్చుకోండి. కానీ ముందు మూడు నెలలు హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, బ్రౌజర్ పనితీరు మీద కూర్చోండి. క్రోమ్ బ్రౌజర్‌లోనే ఉండే డెవ్‌టూల్స్ పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూను 4 రెట్లు నెమ్మది చేసి చూడండి. అదీ అంచనాయే. ఇంట్లో పాత ఫోన్ ఉంటే యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి, మీ పేజీలో బటన్ నొక్కి చూడండి.