నార్వేజియన్ విమానాల్లో అట్లాంటిక్ దాటిన ఏళ్లు

మాది లండన్ కాపురం, అన్నయ్య వాళ్లది న్యూజెర్సీలోని ఎడిసన్. చవక టికెట్ల విమాన సంస్థ నార్వేజియన్ 2014లో లండన్‌లోని గాట్విక్ విమానాశ్రయం నుంచి న్యూయార్క్‌కు సర్వీసులు మొదలుపెట్టింది. అప్పటి నుంచి కోవిడ్ వచ్చేదాకా మా రాకపోకలన్నీ దాదాపు అందులోనే. అంతకుముందు టికెట్ ధర చూసి పెళ్లిళ్లు కూడా మానుకున్న కుటుంబం మాది. ఆ జంకు తీర్చింది ఈ సంస్థే.

తక్కువ ధర అనగానే పాత డొక్కు విమానం అనుకుంటారు. వీళ్లు నడిపింది సరికొత్త బోయింగ్ 787. దాని కిటికీలకు తెరలు ఉండవు. కింద బొత్తాం నొక్కితే అద్దమే మెల్లగా ముదురు నీలంలోకి మారుతుంది. టీ కావాలంటే ముందు సీటు వెనకున్న తెర మీద ఎంచుకుని అక్కడే కార్డు గీస్తే చాలు, సిబ్బంది తెచ్చి ఇచ్చేవారు.

అన్నిటికంటే చవక టికెట్‌లో భోజనం, పెద్ద పెట్టె ఉండవు. ఒంటరిగా వెళ్లేటప్పుడు పులిహోర కట్టుకుని అదే కొనేవాణ్ణి. ఆవకాయ ఉంటే మాత్రం లెక్క మారేది. భద్రతా తనిఖీలో పచ్చడిని కూడా ద్రవంగానే చూసేవారు, అప్పట్లో 100 మిల్లీలీటర్లు దాటితే చేతిసంచిలో రానిచ్చేవారు కాదు. అప్పుడు పెట్టె, భోజనం కలిసిన టికెట్ తీసుకునేవాణ్ణి. అయినా నాకు గిట్టుబాటయ్యేది.

నార్వేజియన్ సుదూర సర్వీసులు 2021లో ఆగిపోయాయి. టికెట్ చవకగా అమ్మడం వల్లే అవి మునిగాయంటే నేను ఒప్పుకోను. ముంచింది తొందర. యుద్ధవిమాన పైలట్‌గా పనిచేసిన బ్యోర్న్ క్యోస్ నాయకత్వంలో 2012లో ఒకేసారి 222 విమానాలకు ఆర్డరిచ్చారు. అప్పు పెరిగింది, చేతిలో నిల్వ లేదు. ఆ స్థితిలో 787కు అమర్చిన రోల్స్‌రాయిస్ ఇంజిన్లలో లోపాలు బయటపడి, బయటి విమానాలు అద్దెకు తేవాల్సి వచ్చింది. 2019 మార్చిలో నార్వేజియన్ దగ్గరున్న బోయింగ్ 737 మ్యాక్స్ విమానాలనూ ఎగరనివ్వకుండా నిలిపేశారు. 1977లో ఇదే గాట్విక్ నుంచి న్యూయార్క్‌కు చవక టికెట్లతో స్కైట్రైన్ అనే విమాన సర్వీసు నడిపిన ఫ్రెడ్డీ లేకర్ కూడా అప్పుతో విమానాలు కొని 1982లో దివాలా తీశారు. ఆయన బొమ్మను నార్వేజియన్ తన విమానం తోక మీద వేసుకుంది. ఆయన అనుభవాన్ని కూడా గుర్తుంచుకుని ఉండాల్సింది.

2018లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ మాతృసంస్థ కొంటానంటే ఒప్పుకోలేదు. దానికి మాత్రం నేను తప్పుపట్టను. అమ్మేసి ఉంటే ఆ ధరలు అప్పుడే పోయేవి.

కోవిడ్ దెబ్బకు 2020 నవంబరులో అప్పులవాళ్ల నుంచి రక్షణ కోసం ఐర్లాండ్ కోర్టును ఆశ్రయించారు. 2021 జనవరి 14న సుదూర సర్వీసులకు స్వస్తి చెబుతున్నట్టు ప్రకటించారు. యూరప్‌లో దగ్గరి దూరాల సంస్థగా నార్వేజియన్ నేటికీ ఉంది. ఆ 787లు కొన్ని నోర్స్ అట్లాంటిక్ అనే కొత్త సంస్థ చేతికి వచ్చాయి. 2025లో ఇండిగో ముంబై నుంచి మాంచెస్టర్‌కు, ఆమ్‌స్టర్‌డామ్‌కు నడిపినవి నోర్స్ దగ్గర అద్దెకు తీసుకున్న 787లే.