బొమ్మల పుస్తకమా, మాట్లాడే యాపా: మాట రాని పిల్లలకి ఏది మేలు?

థెరపీ సెంటర్ బయట బెంచీ మీద కూర్చుంటే, కొత్తగా వచ్చిన అమ్మానాన్నలు పక్కన చేరి దాదాపు ఒకే ప్రశ్న అడుగుతారు. "మీ బాబు మెడలో ఆ ట్యాబ్ ఏంటండీ, మేమూ కొనాలా, లేకపోతే మేడమ్ ఇచ్చిన ఈ బొమ్మల కార్డులు సరిపోతాయా?" అని. లోపల నుంచి మా పేరు పిలిచేలోపు సగం చెప్పి వెళ్ళిపోవాల్సి వస్తోంది, అందుకే తీరిగ్గా రాస్తున్నా. మా వాడికి తొమ్మిదేళ్ళు, ఆటిజం. నోటితో వచ్చే మాటలు నాలుగైదే. కార్డులు వాడాం, బోర్డు వాడాం, రెండు యాప్‌లు వాడాం, ఇప్పటికీ వీటిలో ఏదీ అటక ఎక్కలేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఈ రోజే మొదలు పెట్టాలంటే కాగితం. పిల్లవాడికి పక్క గదిలోకి వినిపించే గొంతు కావాలంటే యాప్. కానీ ఏది తీసుకున్నా, అందులో మనం ఇంట్లో మాట్లాడే తెలుగు ఉందా, పిల్లవాడు 'వద్దు' అనగలడా, ఈ రెండూ చూడకుండా తీసుకుంటే ఎంత ఖర్చు పెట్టినా దండగే.

అసలు దేనికీ ముందుకు పోనివ్వని భయం ఒకటి ఉంది, "బొమ్మలకి అలవాటు పడితే ఇంక మాట రాదు" అని. మా అత్తమ్మ ఈ మాట అన్నప్పుడు నాకూ లోపల అదే భయం ఉండేది, అందుకే ఎదురు చెప్పలేకపోయాను, అలా ఒక ఏడాది పోయింది. ఆ ఏడాది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. 2006లో మిల్లర్, లైట్, ష్లోసర్ అనే పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన 23 అధ్యయనాలని కలిపి చూశారు. వాటిలో గట్టి ఆధారం ఉన్నవాళ్ళు 27 మంది తేలారు, బొమ్మలో సైగలో పరికరాలో వాడటం వల్ల వాళ్ళలో ఒక్కరికి కూడా ఉన్న మాట తగ్గలేదు. 89 శాతం మందికి ఎంతో కొంత పెరిగింది, మిగతావాళ్ళకి ఉన్నది ఉన్నట్టే ఉంది. పెరిగిన మాట చాలామందిలో కొంచెమే, కాబట్టి దీంతో మాట వచ్చేస్తుందని ఎవరైనా గ్యారంటీ ఇస్తే నమ్మకండి, కానీ మాట పోతుందనే భయం మాత్రం పెట్టుకోకండి.

ఇప్పుడు కార్డుల సంగతి. సెంటర్లలో 'పెక్స్' అంటుంటారే, అది 1985లో అమెరికాలోని డెలావేర్‌లో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ అనే ఇద్దరు మొదలు పెట్టిన పద్ధతి. పిల్లవాడు కార్డు తీసి మన చేతిలో పెడితే ఆ వస్తువు వెంటనే ఇవ్వాలి, అంతే మొదటి మెట్టు. చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది కానీ ఇందులో అసలు విషయం బొమ్మ కాదు, ఇంకో మనిషి దగ్గరికి వచ్చి చేతిలో పెట్టడం. బిస్కెట్ కోసం డబ్బా దగ్గర నిలబడి ఏడ్చే పిల్లవాడు, డబ్బాని వదిలి అమ్మ వైపు తిరగడం నేర్చుకుంటాడు. మొదట్లో ఇద్దరు పెద్దవాళ్ళు కావాలి, వస్తువు పట్టుకుని ఎదురుగా ఒకరు, చెయ్యి సాయం పట్టడానికి వెనకాల ఒకరు. వెనక ఉన్నవాళ్ళు నోరు మెదపకూడదు, ఎదురుగా ఉన్నవాళ్ళు "ఏం కావాలి నాన్నా?" అని అడగకూడదు, ఎందుకంటే అడిగితేనే చెప్పడం అలవాటైపోతుంది. మన ఇళ్ళలో ఇది చాలా కష్టం, పిల్లవాడిని పలకరించకుండా ఎవరూ ఉండలేరు. మావాడికి ఈ మెట్టు మూడు వారాలు పట్టింది, దాటిన రోజు వాడు నా కొంగు లాగి మరీ అరటిపండు కార్డు చేతిలో పెట్టాడు.

దీంతో చిక్కు ఏంటంటే, ఆరు మెట్లున్న పద్ధతిలో చాలా ఇళ్ళు మూడో మెట్టు దగ్గరే ఆగిపోతాయి. పిల్లవాడు చిప్స్ అడుగుతాడు, ఫోన్ అడుగుతాడు, బయటికి అంటాడు, ఇక్కడితో పని అయిపోయిందనుకుంటాం. అడుక్కోవడం ఒక్కటేనా మాటంటే? "అదిగో కోతి", "అన్నయ్య కొట్టాడు", "నాకు భయం", "నువ్వు పో" ఇవి ఏ కార్డులో ఉన్నాయి? పైగా కార్డులు పోతాయి. మా ఇంట్లో 'నీళ్ళు' కార్డు మంచం కింద దొరికేదాకా వాడికి దాహం చెప్పుకునే దారే లేదు, ఆ రోజే నేను బోర్డు వైపు తిరిగాను.

బోర్డు అంటే ఒకే అట్ట మీద ముప్పయ్యో నలభయ్యో బొమ్మలు, పిల్లవాడు వేలు పెట్టి చూపిస్తాడు, ఊడిపోయేది ఏమీ లేదు. జిరాక్స్ షాపులో కలర్ ప్రింట్ తీయించి ల్యామినేషన్ చేయిస్తే అయ్యే ఖర్చు ఒక రోజు థెరపీ ఫీజు కూడా కాదు, అందుకే ఒకటి వంటింట్లో, ఒకటి బండి డిక్కీలో, ఒకటి అమ్మమ్మ వాళ్ళింట్లో పెట్టాం. కరెంటు పోయినా పనిచేస్తుంది, సాంబారు పడితే తుడుచుకోవచ్చు. బొమ్మల కోసం కొనక్కర్లేదు. స్పెయిన్‌లోని అరాగాన్ ప్రాంత ప్రభుత్వం నడిపే 'అరసాక్' అనే వెబ్‌సైట్‌లో పది వేలకి పైగా బొమ్మలు ఉచితంగా ఉన్నాయి, అమ్ముకోనంత వరకు ఎవరైనా ప్రింట్ తీసుకోవచ్చు. గీసినాయన పేరు సెర్హియో పలావో, ఎక్కడో జరగోజాలో గీసిన బొమ్మ వరంగల్‌లో మా ఫ్రిజ్ మీద అతికించి ఉంది, ఆయనకి ఎప్పుడైనా దణ్ణం పెట్టుకోవాలనిపిస్తుంది.

బోర్డుకి లేనిది గొంతు. వాడు వేలు పెట్టేటప్పుడు మనం చూడకపోతే ఆ మాట అన్నట్టే కాదు. నేను పొయ్యి దగ్గర వెనక్కి తిరిగి ఉన్నప్పుడు వాడు ఎన్నిసార్లు చూపించి ఊరుకున్నాడో నాకు తెలియదు. యాప్ అసలు లాభం ఇదే, బొమ్మ నొక్కితే పైకి పలుకుతుంది, పడకగదిలోంచి "అమ్మా, రా" అని వినిపిస్తుంది. మొదటిసారి విన్నప్పుడు అది మెషీన్ గొంతని నాకు తట్టనే లేదు, పరిగెత్తాను.

మన దేశంలో తయారైనవే రెండు చెబుతాను. 'అవాజ్' చెన్నైలో పుట్టింది. ఐఐటీ మద్రాస్‌లో చదివిన అజిత్ నారాయణన్ అక్కడ వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పనిచేసే విద్యాసాగర్ సంస్థలోని పిల్లల అవసరం చూసి మొదట పరికరంగా చేశారు, తర్వాత యాప్ అయ్యింది. డబ్బు కట్టాలి, కానీ కొన్నాళ్ళు ఊరికే వాడి చూసే వీలుంది, ఆ రోజుల్లో తెలుగు గొంతు పెట్టి మీ ఇంటి మాటలన్నీ పలికించి చూశాకే కట్టండి. 'జెల్లో' ఐఐటీ బాంబేలో చేసింది, ఉచితం. దీంట్లో నాకు బాగా నచ్చింది పక్కన ఉండే బటన్లు: ఇష్టం, ఇష్టం లేదు, అవును, కాదు, ఇంకా, తక్కువ. తిండి బొమ్మ నొక్కి పక్కన బటన్ నొక్కితే వాక్యం అయిపోతుంది, చిన్నపిల్లలకి అందే దారి. పిల్లవాడు ఎదిగేకొద్దీ సొంతంగా మాటలు పేర్చుకోవాలంటే మాత్రం మావాడికి అవాజ్ లాంటిదే బాగా పనికొచ్చింది.

యాప్‌లో ఒక తప్పు నేను చేశాను, మీరు చేయకండి. వాడు వాడని బొమ్మలు తీసేసి, వాడేవన్నీ ముందుకి జరిపి 'నీట్‌గా' సర్దాను. మర్నాడు వాడు ట్యాబ్ విసిరికొట్టాడు. మన ఇంట్లో చీకట్లో కూడా ఫ్యాన్ స్విచ్ చెయ్యికి తగులుతుంది కదా, చూసి నొక్కం, చెయ్యి వెళ్ళిపోతుంది. ఎవరో రాత్రికి రాత్రి స్విచ్‌లన్నీ మార్చేస్తే ఎలా ఉంటుంది? వాడికీ అంతే, బొమ్మ కంటే చోటు ముఖ్యం. అక్కర్లేని మాట కనపడకుండా దాచండి, మిగతావి కదపకండి. ఇంకోటి, మాట్లాడే ట్యాబ్‌లో యూట్యూబ్ వద్దు. ఐప్యాడ్‌లో గైడెడ్ యాక్సెస్, ఆండ్రాయిడ్‌లో యాప్ పిన్నింగ్ ఉంటాయి, ఆ ఒక్క యాప్‌లోనే ఉండేలా కట్టేయొచ్చు. కోపం వచ్చి శిక్షగా ట్యాబ్ లాక్కోవడం అసలు వద్దు, అది వాడి నోరు మూసేయడమే.

ఇక నాకు అన్నిటికంటే పట్టింపున్న విషయం, తెలుగు. ఇంగ్లీష్ బోర్డులో 'నో' అని ఒక్క బొమ్మ ఉంటుంది. దాన్ని తెలుగు చేసినవాళ్ళు 'లేదు' అని పెట్టేస్తారు. ఇంకో ముద్ద పెట్టబోతే పిల్లవాడు 'లేదు' అంటే ఏమర్థం? మనకి వద్దు వేరు, లేదు వేరు, కాదు వేరు, మూడూ మూడు బొమ్మలుగా ఉండాల్సిందే. మొదట నేర్పాల్సింది 'వద్దు', ఎందుకంటే వద్దు అనలేని పిల్లవాడు కొరుకుతాడు, గిల్లుతాడు, తల బాదుకుంటాడు. అలాగే 'ఐ వాంట్' కార్డు ఎడమవైపు అంటించి పక్కన వస్తువు పెట్టే పట్టీ ఇస్తారు, దాన్ని అలాగే తెలుగులోకి మారిస్తే "కావాలి నీళ్ళు" అవుతుంది. మన ఇంట్లో ఎవరూ అలా అనరు. కావాలి కుడి చివర అంటించండి, "నీళ్ళు కావాలి". కొన్ని యాప్‌లలో 'నేను', 'కావాలి' వరసగా నొక్కితే "నేను కావాలి" అని పలుకుతుంది, పిల్లవాడు తననే అడుగుతున్నట్టు! 'నాకు' అనే బొమ్మ విడిగా పెట్టుకోవాలి. అంకుల్ బొమ్మ ఒక్కటి చాలదు, మామయ్య, బాబాయ్, పెదనాన్న ఫోటోలు వేరువేరుగా కావాలి, బ్రెడ్డు బొమ్మ తీసి పెరుగన్నం ఫోటో పెట్టాలి. మనుషులకీ తిండికీ ఫోటోలు, చేసే పనులకీ మనసులో మాటలకీ గీసిన బొమ్మలు, ఇదే మాకు కుదిరింది. ఎందుకంటే 'ఆపు'ని, 'ఇంకా'ని ఎవరు ఫోటో తీయగలరు?

వేలు పెట్టి చూపించలేని పిల్లలు, ముఖ్యంగా సెరిబ్రల్ పాల్సీ (చిన్నప్పుడే మెదడు దెబ్బతిని కాళ్ళూ చేతులూ అదుపులో ఉండకపోవడం) ఉన్నవాళ్ళు కొందరు, కళ్ళతో చెప్పగలరు. పారదర్శకంగా ఉండే అక్రిలిక్ షీటు మీద మూలల్లో బొమ్మలు అంటించి, మనం ఇవతల నుంచి వాళ్ళ చూపు ఎటు ఉందో చూడటమే. కంటిచూపుతో నడిచే కంప్యూటర్లు చాలా ఖరీదు, షీటుతో మొదలు పెట్టొచ్చు.

పక్షవాతం వచ్చి మాట పడిపోయిన పెద్దవాళ్ళ విషయం వేరు. చాలామంది వెంటనే అక్షరాల పలక చేతిలో పెడతారు, కానీ అఫేసియా, అంటే మెదడులో భాషకి సంబంధించిన భాగం దెబ్బతిన్నవాళ్ళకి మాటతో పాటు చదవడం, రాయడం కూడా దెబ్బతినొచ్చు, వాళ్ళకి కుటుంబం ఫోటోలు, అవును-కాదు కార్డులు ఎక్కువ పనికొస్తాయి. కండరాలు మెల్లమెల్లగా పట్టు తప్పే మోటార్ న్యూరాన్ జబ్బులో చాలామందికి భాష చెక్కుచెదరదు, వాళ్ళకి అక్షరాలే మేలు. తెలుగులో గుణింతాలూ ఒత్తులూ ఉంటాయి కాబట్టి పలకని వరసలుగా విడగొట్టి, "క వరసా, చ వరసా?" అని మనం అడుగుతూ పోతే వాళ్ళు కన్ను ఆర్పి ఒప్పుకోవడం తొందరగా అవుతుంది.

బడి గురించి కూడా చెప్పాలి. ఒక బడిలో "ట్యాబ్ బ్యాగులో పెట్టండి, మిగతా పిల్లలు చూస్తున్నారు" అన్నారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 'కమ్యూనికేషన్' అనే మాటకి ఇచ్చిన అర్థంలోనే ప్రత్యామ్నాయ పద్ధతులు కూడా ఉన్నాయి, సెక్షన్ 2లో చూడొచ్చు. ఆ పేజీ ప్రింట్ తీసుకెళ్ళి మర్యాదగానే మాట్లాడాను, ఆ తర్వాత ట్యాబ్ బల్ల మీదే ఉంది, అయినా నా మనసు ఒప్పక బ్యాగులో కాగితం బోర్డు కూడా పెడతాను. ఏది ఎంచుకోవాలో తేలకపోతే సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో నీపిడ్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పనిచేస్తుంది, స్పీచ్ థెరపిస్టులు పిల్లవాడి చూపు, చెయ్యి, అర్థం చేసుకునే తీరు చూసి చెబుతారు. యాప్ అమ్మేవాళ్ళ మాట కంటే వాళ్ళ మాట మీద నిలబడండి.

ఏది కొన్నా మీరు దాంతో మాట్లాడకపోతే వాడూ మాట్లాడడు. పరీక్ష పెట్టినట్టు "చూపించు, చూపించు" అనకుండా, అన్నం పెడుతూ మనమే 'అన్నం', 'ఇంకా' నొక్కాలి, నడుస్తూ 'పద' నొక్కాలి. మా అత్తమ్మే ఇప్పుడు అందరికంటే బాగా నొక్కుతుంది, సీరియల్ అయిపోగానే 'అయిపోయింది' నొక్కి వాడికి చూపిస్తుంది.

మొదటి పేజీలో ఏం పెట్టాలని అడిగితే, మావి ఇవి: వద్దు, కావాలి, ఇంకా, ఆపు, అయిపోయింది, రా, పో, పద, ఇవ్వు, తియ్యి, నాకు, నువ్వు, అమ్మ, నాన్న, అది, ఎక్కడ, బాగుంది, భయం. 'నొప్పి' పెట్టాలని మాకు తట్టలేదు. వాడు మూడు రోజులు అన్నం తినకుండా ఏడ్చాక డాక్టర్ చూసి చెవిలో చీము అన్నారు, ఆ సాయంత్రం కలిపాం. మీరు మొదటి రోజే పెట్టండి.