నీట్స్ గ్లెన్‌లో దిగి ఎవాన్స్ లుకౌట్‌లో తేలాం

సిడ్నీకి చుట్టాలొస్తే బ్లూ మౌంటెన్స్ పేరుతో అందరం కటూంబా ఎకో పాయింట్‌కే తీసుకెళ్తాం. త్రీ సిస్టర్స్ అనే మూడు రాతి శిఖరాల ముందు నిలబెట్టి ఫొటో తీసి, కాఫీ తాగించి, చీకటి పడకముందే ఇంటికి. ఆ చోటు అందం గురించి నాకు రెండో మాట లేదు. కానీ బస్సులు దిగిన జనం మధ్య రెయిలింగ్ దగ్గర ఖాళీ కోసం ఎదురుచూసి చూసి విసుగొచ్చింది. అందుకే మొన్న జూన్ లాంగ్ వీకెండ్‌కి ఆరుగురు స్నేహితులం కటూంబా దాటి ఇంకో రెండు స్టేషన్లు వెళ్లి, ఒక లోయ నడక కోసం బ్లాక్‌హీత్‌లో దిగాం.

నలుగురం పారమట్టాలో రైలెక్కాం. గంటన్నరకు పైగా ప్రయాణం, పెన్రిత్ దాటాక కిటికీ పక్క సీటు దొరికితే చాలు. మోకాలి ఆపరేషన్ అయిన మా గుంటూరు మిత్రుడు, వాళ్లావిడ సామాన్లతో కారులో వచ్చారు. లాంగ్ వీకెండ్ హైవే సంగతి తెలిసిందే, మాకంటే చాలాసేపటికి గానీ చేరలేదు. అలాగని రైలొక్కటే నమ్ముకుంటే సరిపోదు. స్టేషన్ నుంచి నడక మొదలయ్యే చోటుకి కొన్ని కిలోమీటర్ల దూరం ఉంది, ఒక్క కారైనా ఉండాలి. వారాంతాల్లో ట్రాక్ పనులుంటే రైళ్ల బదులు బస్సులు వేస్తారు, బయల్దేరేముందు అది కూడా చూసుకోండి.

బస విషయంలో మాత్రం దెబ్బతిన్నాం. ఫొటోల్లో చలిమంట గూడు చూసి ఒక కాటేజీ రెండు రాత్రులకు తీసుకున్నాం. వెళ్లాక అందులో మంట వెయ్యకూడదన్నారు. మూడు గదులకీ కలిపి ఒకటే హీటర్. బ్లాక్‌హీత్ వెయ్యి మీటర్లకు పైన ఎత్తులో ఉంది, జూన్ రాత్రి అక్కడ ఎముకలు కొరికే చలి. ఓనరుకి మెసేజ్ పెడితే జవాబు తెల్లారి వచ్చింది. కిందటేడు కటూంబాలో దిగిన మామూలు మోటెల్లో గది గదికీ హీటరుంది. అయినా ఆరుగురు ఉన్నప్పుడు నా ఓటు వంటగది ఉన్న ఇంటికే. పొద్దున్నే లేచి పులిహోర కలిపి డబ్బాల్లో సర్దుకోవడం మోటెల్లో కుదరదు కదా. కాకపోతే డబ్బు కట్టేముందే హీటర్లు ఎన్నున్నాయో రాతపూర్వకంగా అడగండి.

మనసు నిండా మెచ్చుకోవలసినది నేషనల్ పార్క్ వాళ్ల హెరిటేజ్ సెంటర్ని. గోవెట్స్ లీప్ రోడ్డు చివర ఉంటుంది. ఆపదలో మీట నొక్కితే మనం ఎక్కడున్నామో రక్షణ సిబ్బందికి తెలిపే లొకేటర్ బీకన్‌ని అక్కడ ఉచితంగా అరువిస్తారు. లోయలో ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి తప్పకుండా తీసుకెళ్లండి. ఏ దారులు మూసేశారో కూడా చూసుకుని మరీ కదలండి. 2022 ఏప్రిల్‌లో ఇదే కొండల్లో వెంట్‌వర్త్ పాస్ దారిలో కొండచరియ విరిగిపడి ఇద్దరు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఇక నడక. దీన్ని గ్రాండ్ కాన్యన్ ట్రాక్ అంటారు, 1907 నాటి దారి. ఎవాన్స్ లుకౌట్ రోడ్డు పక్క కార్ పార్కు దగ్గర మొదలై మెలికలు తిరిగిన మెట్లతో నీట్స్ గ్లెన్ అనే ఇరుకు లోయలోకి దిగుతుంది. పావుగంటలో లోకం మారిపోయింది. పైన ఎండకు ఎండిన యూకలిప్టస్ ఆకులు, కింద తడి నాచు, మనిషెత్తు ఫెర్న్ చెట్లు. ఒకచోట చిన్న సొరంగంలోంచి నడిపించారు. దాటగానే రాతి అంచు మీద సన్నటి దారి, పక్కన రెయిలింగ్. ఎక్కడో కింద చీలికలో గ్రీవ్స్ క్రీక్ నీళ్ల హోరు వినిపిస్తోంది, నీళ్లు మాత్రం కనిపించవు. రాళ్ల మీద అడుగులేస్తూ వాగు దాటేచోట నా బూటు జారి మోకాలిదాకా తడిసింది. పట్టున్న బూట్లు లేకుండా రావద్దు.

వాగు దాటాక లైర్‌బర్డ్ కనిపించింది, వేరే పిట్టల గొంతుల్ని అచ్చంగా అనుకరించే పక్షి. మాకు నాలుగడుగుల దూరంలో, మనూళ్లో కోడి పెంట గీరినట్టు ఎండుటాకులు గీరుకుంటోంది. చలికాలం వాటి పాటల కాలం. మగ పక్షి తోక ముందుకి జల్లెడలా పరిచి మొదలుపెట్టింది. ముందు విప్‌బర్డ్ కొరడా చరుపు, వెంటనే కూకబర్రా నవ్వు, ఆ తర్వాత చిలకల అరుపులు, అన్నీ అదొక్కటే. పదినిమిషాలు ఎవరం నోరు మెదపలేదు. హైదరాబాద్ అమ్మాయి ఫోన్లో రికార్డు చేసింది.

తర్వాత ఎక్కుడు. మెట్లే మెట్లు. ఒకడికి పిక్క పట్టేసింది, ఉప్పు వేసిన నిమ్మరసం ఆ పూట పనికొచ్చింది. మనిషికి 2 లీటర్ల నీళ్లు పట్టుకెళ్లండి. కొందరు మా నడక ముగిసే ఎవాన్స్ లుకౌట్ నుంచే దిగి నీట్స్ గ్లెన్ మీదుగా పైకి వస్తారు. నేనైతే వద్దంటాను. నాలుగు గంటలు ఇరుకు బండల మధ్య తలెత్తి ఆకాశం ముక్క వెతుక్కున్నవాడికే, ఆఖరి మెట్టు మీద గ్రోస్ లోయ ఒక్కసారిగా తెరుచుకుంటే గుండె ఆగినంత పనవుతుంది. ఎదురుగా ఇసుకరాతి కొండగోడలు సాయంకాలపు ఎండకు పసుపు పూసినట్టున్నాయి. వాటి వెనక నీలం, ఇంకా వెనక లేత నీలం. ఈ లోయ అడుగునే బ్లూ గమ్ అడవి ఉంది. 1930ల మొదట్లో ఒక రైతు ఆ చెట్లు కొట్టేస్తాడని తెలిసి, మాలాంటి బుష్‌వాకర్లే 130 పౌండ్లు పోగేసి ఆ రైతుకిచ్చి ఆపించారు. రెయిలింగ్ పట్టుకుని ఆ మాట చెబుతుంటే నా గొంతు పూడుకుపోయింది.

ఎవాన్స్ లుకౌట్ దాకా కారు వస్తుంది, టాయిలెట్లున్నాయి, కారు నిలిపినందుకు డబ్బు కట్టక్కర్లేదు. నడవలేని పెద్దవాళ్లను నేరుగా తీసుకెళ్లవచ్చు. మా గుంటూరు మిత్రుడు దంపతులిద్దరూ మాకంటే ముందే వచ్చి, ఫ్లాస్కులో అల్లం టీతో బెంచీ మీద కూర్చుని ఉన్నారు. ఐదు గంటలకే చీకటి పడుతుందని మాకోసం కంగారు పడుతున్నారు. మేం పులిహోర డబ్బాలు తెరుస్తుంటే ఆ అమ్మాయి ఫోన్ అతని చెవి దగ్గర పెట్టింది. కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు.

"ఇన్ని పిట్టలున్నాయా కింద?"

"అన్నయ్యా, అది ఒక్కటే."

కాసేపు లోయ వైపు చూశాడు. "ఇంకోసారి పెట్టమ్మా," అన్నాడు.