బోరు నీళ్లలో బోస్‌మనీ: నల్గొండలో ఒక చేపల షాపు

గడియారం సెంటర్ నుంచి నడిచిపోయేంత దూరంలో, ఒక సందులో ఉంటుంది ఈ అక్వేరియం షాపు. బోర్డు వెలిసిపోయింది. లోపల ఇద్దరు నిలబడితే మూడో మనిషి మెట్ల మీదే ఆగాలి.

పోయిన దసరా సెలవుల్లో మా అమ్మాయి గోల్డ్‌ఫిష్ కావాలంటే తీసుకెళ్లాను. కింది వరసలో ఒక తొట్టిలో వేలెడు కూడా లేని తెల్లటి చేపలు, చెరువులో పరిగెల్లాంటివి, తిరుగుతున్నాయి. అద్దం మీద ‘బోస్‌మనీ రెయిన్‌బో’ అని స్కెచ్ పెన్ను రాత. ఇవేం రెయిన్‌బో అని నవ్వాను. షాపాయన నొచ్చుకోలేదు. “పిల్లలు సార్ ఇవి. ఆరేడు నెలలు ఆగుండ్రి, ముందు సగం నీలం, ఎనుక సగం నారింజ అయితది. ఇప్పుడే రంగు కావాల్నంటే గప్పీలు తీస్కపోండ్రి” అన్నాడు. ఆ మాటకే కొన్నాను.

తర్వాత ఇంట్లో ఏ నీళ్లని అడిగాడు. రామగిరిలో మా బోరు నీళ్ల సంగతి చెప్పడానికే మొహమాటం. బకెట్ అంచున తెల్ల పొర కడుతుంది, పప్పు ఒక పట్టాన ఉడకదు, గీజర్ కాయిల్ ఎన్నిసార్లు మార్చామో. తాగడానికి భగీరథ నీళ్లే. “బోరువే పోయుండ్రి, వీటికి గవే మంచిగ పడ్తయి” అన్నాడు.

ఎందుకో ఇంటికొచ్చి చదివితే తెలిసింది. వీటి సొంతూరు ఇండోనేషియాలోని పాపువా ప్రాంతం. అక్కడ పక్షి తల ఆకారంలో ఉన్న ద్వీపకల్పం నడుమ అయమారు సరస్సులున్నాయి. చుట్టూ సున్నపురాయి నేల కావడంతో నీళ్లలో సున్నం, క్షారం ఎక్కువ. 1950లలో బోస్‌మన్ అనే డచ్ శాస్త్రవేత్త అక్కడ సేకరించిన చేపలకు 1980లో ఆయన పేరే పెట్టారు. మేం తిట్టుకునే నీళ్లు వీటికి పుట్టింటి నీళ్లన్నమాట! తొట్లలో పెంచేవాళ్ల కోసం తెగ పట్టడంతో అక్కడ ఇవి ప్రమాదంలో పడ్డాయి. ఇప్పుడు మనకు షాపుల్లో దొరికేవి ఎక్కువగా ఫారాల్లో పెంచినవే.

ఇక నా ఫిర్యాదు. ఇవి ఎగిరి దూకుతాయని ఆయన ఒక్క మాట చెప్పలేదు. మూడో రోజు పొద్దున ఒకటి టీవీ స్టాండ్ కింద ఎండిపోయి కనిపించింది. అమ్మాయి ఆ పూట టిఫిన్ ముట్టలేదు. గుంపుగా ఉంటేనే బెదరకుండా తిరుగుతాయట, అదీ చెప్పకుండా నాలుగే ఇచ్చాడు. మళ్లీ వెళ్లి మూడు తెచ్చాను, గాజు మూత కోయించాను. ఆయన ఇచ్చిన ఫిల్టర్ రెండు నెలలకే గురగురమని ఆగిపోతే మాత్రం మాట్లాడకుండా మార్చి ఇచ్చాడు.

మేలో ఎండకు తొట్టి నీళ్లు గోరువెచ్చనయ్యాయి. ఫోన్ చేస్తే మూత తీసి దోమతెర కట్టమని, పైన టేబుల్ ఫ్యాన్ పెట్టమని చెప్పాడు. నీళ్లు రోజూ ఇంత తగ్గేవి కానీ చల్లబడ్డాయి. ఒక్కటీ చావలేదు.

అప్పటికే రంగు వచ్చేసింది. పొద్దున్నే కిటికీ వెలుతురు పడగానే మగవి నాలుగూ రెక్కలు విప్పి ఒకదాని పక్కన ఒకటి బిగుసుకుంటాయి. తల దగ్గర ఉక్కు నీలం, తోక వైపు పండిన నారింజ. పది నిమిషాల్లో మళ్లీ మామూలే. ఆడవి రెండూ ఇప్పటికీ చప్పగానే ఉన్నాయి. షాపుకు వెళ్తే ఆయన ఇవి జత మూడు వందల దగ్గర బేరం మొదలుపెడతాడు, రెండొందల యాభైకి దిగుతాడు.

ఐదుకు నాలుగు స్టార్లు. మూత సంగతి చెప్పుంటే ఐదూ ఇచ్చేవాణ్ణి.