పాత లేత్ చక్ కొనేటోళ్లు చదువుర్రి: ఆటోనగర్ దిక్కు సెకండ్ హ్యాండ్ షాపు రివ్యూ

మా షెడ్ల లేత్‌కున్న ట్రూ చక్ (పనిని నడుమకు పట్టి తిప్పే మూడు దవడల పట్టు) జాలు, అంటె దవడలు, అరిగి బోరు మోటర్ షాఫ్ట్‌లు జారుతున్నయని వరంగల్ ఆటోనగర్ దిక్కు ఒక పాత మిషన్ల షాపుకు పోయినం. పేరు రాస్తలేను. ఐదుకు మూడు స్టార్లు.

ఫస్టు చూపిచ్చిన 200 ఎంఎం చక్‌కు పచ్చ పెయింట్ కొత్తగ మెరుస్తుంది, మస్తు కండిషన్ అన్నా అంటడు, నాకైతె ఆ పెయింటే డౌట్ కొట్టింది, తుక్కుల కొన్నదానికి ఊరికె రంగెందుకేస్తరు. జాలు ఇప్పిచ్చి, థిన్నర్‌తోటి రంగు గీకి, కిరసనాయిలు పూసి కాసేపు ఆగి పొడిగుడ్డతో తుడ్చి సుద్ద పొడి రుద్దినం. జా గాడి (జా జరిగే కాలువ) మూలకాంచి బోల్ట్ హోల్ దాక వెంట్రుకంత తడి గీత తేలింది, అంటె పగులే! వెల్డింగ్ కొట్టిస్త తీస్కపో అన్నడు. వద్దే వద్దు. బీడు ఇనుము వెల్డింగ్ పక్కనే మళ్ల పగులుతది, స్పీడు డబల్ చేస్తె బయటికి గుంజే బలం నాలుగింతలైతది, ముక్క ఎగిరితే ముందు నిలబడ్డోని పని అంతే.

రెండోది జిడ్డుతోటి ఉన్నది, రంగు లేదు, అదే నచ్చింది. జాలు తీసి తాడుకు ఏలాడదీసి చిన్న సుత్తెతోటి కొడితె ఖంగుమన్నది, పగులుంటె అట్ల మోగదు (జాలుంటె శబ్దం అర్థంకాదు, తియ్యాల్సిందే). జాల మీది 1, 2, 3 నంబర్లు గాడీల నంబర్లతోటి కలిసినయి. ఒక పినియన్ (జాలను జరిపే చిన్న పండ్ల చక్రం)ల చక్ కీ పెట్టే చదరం రంధ్రం కొంచెం గుండ్రంగ అయింది, కీ జారుతది, దానికి ధర తగ్గిచ్చిన. నిఖార్సైన రాడ్ పట్టిచ్చి జాలకు రాడ్‌కు నడుమ సన్న కాగితం దూర్చినం, మూతి కాడ కొంచెం పోయింది, లోపల గట్టిగున్నది. గంత అరుగుడు ఉంటదిలే అనుకున్న, ఎక్కువ పోతే లోపటి చివరతోనే పట్టుకుంటదని వదిలేస్తుండె.

ఇప్పనిచ్చుడు, ఓపికగ నిలబడుడు మంచిగుంది. కానీ డయల్ల (తిరిగేటప్పుడు ఊగుడు కొలిచే గేజ్) బాలేకపోతె వాపస్ తెస్త అంటె సరే అన్నోడు చిట్టి మీద రాయమంటె మాత్రం రాయలే.

షెడ్ల డయల్ పెడితె 0.12 ఎంఎం ఔట్ (నడుమ తప్పి ఊగుడు) కొట్టింది, జాలు గ్రైండ్ చేపిస్తె కొంచెం తగ్గుతది, సన్న పని డాగ్ చక్ (నాలుగు జాలు వేరువేరుగ జరిగేది)ల పెట్టుకుంటం. దాంతోని ఇచ్చిన బ్యాక్ ప్లేట్ (చక్‌ను లేత్‌కు కలిపే పళ్లెం) మా స్పిండిల్ (లేత్ల తిరిగే షాఫ్ట్) త్రెడ్‌ది కాదు, టైట్ చేస్తె కూసుంటది అన్నడు గాని నమ్మలే, కొత్తది మా లేత్ మీదనే తిప్పుకున్నం. చక్ ఎనక గుంత బ్యాక్ ప్లేట్ మెట్టు మీద గట్టిగ కూసోవాలె, బోల్టులు ఒక్కటే మోసుడు కాదు. చక్ ఎక్కిచ్చేటప్పుడు లేత్ బెడ్ మీద చెక్క పెట్టుర్రి, బరువు మస్తుంటది. ఫస్టు తిప్పుడు తక్కువ స్పీడుల, పక్కకు నిలబడి. బాడీ మీద మ్యాక్స్ ఆర్‌పిఎం చెక్కిలేదు కాబట్టి మేము స్పీడ్ పెంచుతనే లేం.

చక్ కీ ముందే అడుగుర్రి, బేరం అయినంక దానికి వేరే పైసలంటడు.