ఈమ్యూల్: ఇచ్చిన లెక్క పుచ్చుకున్నవాడి చేతిలో

ఇంటర్నెట్‌లో ఒకరి కంప్యూటరు నుంచి ఒకరు ఫైళ్ళు పంచుకునే పద్ధతుల్లో టొరెంటుకు జ్ఞాపకశక్తి తక్కువ. పది సెకన్లకొకసారి ఎవరు ఎక్కువ ఇస్తున్నారో చూసి వాళ్ళకే పంపుతుంది. నిన్న రాత్రంతా మనం పంచిపెట్టిన సంగతి దానికి పట్టదు. అదే పనిచేసే 2002 నాటి ప్రోగ్రాము ఈమ్యూల్ అలా కాదు, గుర్తుపెట్టుకుంటుంది. అందుకే మారతహళ్ళిలోని మా ఇంట్లో, కాపీరైటు తీరిన తెలుగు పత్రికల స్కాన్లు పంచడానికి ఇప్పటికీ దాన్నే నడుపుతున్నాను. ఆఫీసులో నవ్వేవాళ్ళు నవ్వనీ.

ఇచ్చినందుకు దాని బహుమతి డబ్బు కాదు, ఫైళ్ళు అందుకునే క్యూలో ముందుకు జరగడం. ఒకరికి 14 ఎంబీ పంపానంటే, దానికి రెండు కలిపి వర్గమూలం తీస్తే 4. అతని దగ్గర నేను పది నిమిషాలు వేచి ఉంటే నలభై నిమిషాలు ఉన్నట్టు లెక్క. 98 ఎంబీకి పది రెట్లు. అక్కడితో సరి, ఆపైన గిగాబైట్లు కుమ్మరించినా పదే. ఇక తీసుకోవడం మొదలుపెడితే రెండో లెక్క అడ్డొస్తుంది: ఇచ్చినదాన్ని రెట్టించి, తీసుకున్నదానితో భాగిస్తారు. రెండు లెక్కల్లో ఏది తక్కువైతే అదే ఖాయం. 98 ఇచ్చి 98 పుచ్చుకుంటే పది కాస్తా రెండుకు దిగుతుంది. నా దృష్టిలో ఇది న్యాయమే.

చిక్కేమిటంటే, ఈ జమ మన ఫైళ్ళు పుచ్చుకున్నవాడి దగ్గరే చెల్లుతుంది. మడివాళ కిరాణా కొట్లో మన పేరున ఉన్న జమ వైట్‌ఫీల్డ్ కొట్లో అడిగితే ఎవరిస్తారు? మొదట్లో చిరాకుపడ్డాను గానీ, కారణం ఉంది. ఇలాంటిదే పాత ప్రోగ్రాము కజాలో ఎవరి లెక్క వాళ్ళ కంప్యూటరే చెప్పుకునేది. దానికి అనధికార రూపమైన కజా లైట్ వచ్చి అందరినీ గరిష్ఠ స్థాయి 1000లో కూర్చోబెట్టింది. ఇక్కడ లెక్క పుచ్చుకున్నవాడి దగ్గర ఉంటుంది కాబట్టి మన గొప్పలు మనం రాసుకోలేము. విండోస్ మళ్ళీ ఎక్కించే ముందు మాత్రం ప్రిఫరెన్సెస్.డాట్, క్రిప్ట్‌కీ.డాట్ ఫైళ్ళు దాచుకోండి. అవి పోతే ఎదుటివాళ్ళు మనల్ని గుర్తుపట్టరు, జమంతా గల్లంతు.

అసలు అన్యాయం 'లో ఐడీ' (Low ID) అనేదానిది. మా కేబుల్ ఇంటర్నెట్ వాళ్ళు ఒకే పబ్లిక్ ఐపీని (ఇంటర్నెట్ చిరునామాని) చాలామందికి పంచుతారు, కాబట్టి బయటివాళ్ళు నేరుగా నా కంప్యూటరుకు కనెక్ట్ కాలేరు. ఆ కారణంగా ఈమ్యూల్ వాడేవాళ్ళను కలిపే సర్వరు నాకు 'లో ఐడీ', అంటే నేరుగా చేరలేనివాడన్న గుర్తు, ఇస్తుంది. సర్వరు ద్వారా ఇద్దరు లో ఐడీలు కలుసుకోలేరు. ఎంత ఇవ్వాలని ఉన్నా సగం మందికి చేరదు; చేరకపోతే జమ ఎక్కడిది? సొంత ఐపీకి నెలనెలా అదనంగా కట్టమంటారు. ఉదారబుద్ధికి అద్దె అన్నమాట.

ఇంతా చేసి ఫ్రెండ్ స్లాట్ అని ఒకటి పెట్టారు. మనం ఎంచుకున్న మిత్రుడు ఏ లెక్కా లేకుండా క్యూ దాటేస్తాడు. వేలచ్చేరిలో ఉండే మా మేనల్లుడు ఫోను చేసి, "మామయ్యా, ఆ స్లాట్ నాకే ఉంచు" అంటాడు. వాడు ఒక్క ఫైలూ పంచడు. ఇచ్చాను, ఏం చేస్తాను, అక్క కొడుకు.

ఈమ్యూల్‌కు నా మార్కులు అయిదుకు మూడున్నర. పబ్లిక్ ఐపీ లేనివాళ్ళు అందులో ఒకటి తీసేసుకోండి.