శాంప్లింగ్ లెక్కల స్పైరల్ బుక్కు, 140 రూపాయలు: కొనొచ్చా?

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి దాటాక ఒక సందులో జిరాక్స్ షాపు ఉంది. పేరు రాయడం లేదు, ఎందుకంటే కింద కొన్ని తిట్లున్నాయి, షాపు కుర్రాడు చూస్తే మంచివాడు. అక్కడ ఒక స్పైరల్ బుక్కు అమ్ముతున్నారు. శాంప్లింగ్ డిస్ట్రిబ్యూషన్ మీద (అంటే శాంపిళ్లు తీస్తూ పోతే వాటి సగటులు ఎలా మారతాయనే దాని మీద) 120 లెక్కలు, వెనక జవాబులు, సంభావ్యతలు చూసుకునే రెండు జెడ్ టేబుళ్లు, అంతే. ఎవరు తయారుచేశారో ఎక్కడా లేదు. అట్ట మీద గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారి ఫొటో వేశారు గానీ, జిరాక్స్‌కి జిరాక్స్ తీసీ తీసీ మొహమంతా నల్లగా అలికేసినట్టయింది, కింద పేరు చదివితే తప్ప ఆయనని తెలీదు. పాపం, మన విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో గణితం ఎం.ఎ. చదివి కలకత్తా వెళ్లి అంతవాడైన మనిషికి ఇంకాస్త మంచి కాగితం ఇవ్వాల్సింది.

నా సంగతి చెప్తాను, అప్పుడు ఈ రివ్యూ మీకు పనికొస్తుందో లేదో తెలుస్తుంది. డిగ్రీ అయి ఏడేళ్లయింది. నరసన్నపేట నుంచి రోజూ బస్సులో శ్రీకాకుళం వచ్చి ఉద్యోగం చేసుకుంటూ, అసిస్టెంట్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పరీక్షకి చదువుతున్నాను. ఫార్ములాలు అన్నీ వచ్చు. స్టాండర్డ్ ఎర్రర్, అంటే శాంపిల్ సగటు ఎంత ఊగుతుందో, సిగ్మా (స్టాండర్డ్ డీవియేషన్) బై రూట్ ఎన్ (శాంపిల్లో ఎన్ని ఉన్నాయో ఆ సంఖ్య) అని నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కానీ మాక్ టెస్టులో లెక్క ఇస్తే సగం సార్లు తప్పు. ఎందుకో చాలా రోజులు అర్థం కాలేదు. ఇంట్లో రెండు గైడ్లున్నాయి, రెండింట్లోనూ చేస్తే అన్నీ కరెక్టే వస్తున్నాయి మరి.

ఈ బుక్కు మొదలెట్టాక తెలిసింది. గైడుల్లో "నమూనా సగటు మీద లెక్కలు" అని హెడ్డింగు పెట్టి కింద పది లెక్కలిస్తారు. హెడ్డింగే సగం జవాబు చెప్పేస్తుంది, మనం అంకెలు వేయడమే. ఇందులో హెడ్డింగులు లేవు. సగటు లెక్క పక్కనే ప్రపోర్షన్ (నిష్పత్తి) లెక్క, దాని పక్కన అసలు శాంపిలే లేని మామూలు నార్మల్ కర్వ్ (గంట ఆకారపు గీత) లెక్క, అన్నీ కలిపేసి పడేశారు. కావాలని చేశారో, కాగితాలు కలిసిపోయి అలా అయిందో తెలీదు గానీ, నా వరకు ఈ 140 రూపాయలకీ గిట్టుబాటు అక్కడే.

ఉదాహరణకి 11వ లెక్క. జీడిపప్పు ప్యాకెట్ల సగటు బరువు 500 గ్రాములు, స్టాండర్డ్ డీవియేషన్ 12 గ్రాములు, 36 ప్యాకెట్లు తీస్తే వాటి సగటు 497 కంటే తక్కువ వచ్చే సంభావ్యత ఎంత? 12ని 6తో భాగిస్తే 2, మూడు గ్రాముల తేడాని 2తో భాగిస్తే 1.5 (ఇదే జెడ్ విలువ, తక్కువ వైపు కాబట్టి మైనస్), టేబుల్ చూస్తే 0.0668. ఈజీ. 12వ లెక్క అదే ప్యాకెట్లు, అవే అంకెలు, కాకపోతే "ఒక ప్యాకెట్ తీస్తే" అని ఉంది. నేను ఊపులో మళ్లీ 0.0668 రాసేశాను. ఒక్క ప్యాకెట్‌కి రూట్ ఎన్ ఎక్కడిది? జెడ్ విలువ మైనస్ 0.25, జవాబు 0.4013. వందలో నలభై ప్యాకెట్లు 497 కంటే తక్కువ తూగుతాయి, కానీ 36 ప్యాకెట్ల సగటు అలా తూగడం వందలో ఏడుసార్లు కూడా జరగదు. ఈ తేడా నాకు ఏడేళ్ల కిందట కాలేజీలో ఎవరో చెప్పే ఉంటారు. ఒంటికి పట్టింది మాత్రం ఇప్పుడు, తప్పు చేసి పెన్నుతో కొట్టేసుకున్నాక.

అక్కడితో ఆగలేదు. రెండు పేజీల తర్వాత ఇంకెక్కడో 19వ లెక్కగా "36 ప్యాకెట్లు కాటాలో కలిపి వేస్తే మొత్తం బరువు 17,892 గ్రాముల కంటే తక్కువ ఉండే సంభావ్యత" అని వచ్చింది. పది నిమిషాలు కుస్తీ పట్టాను. మొత్తానికి సగటు 18,000, డీవియేషన్ 12ని 36తో కాదు 6తో గుణించాలి, 72, తేడా 108, మళ్లీ 1.5, మళ్లీ 0.0668. అదే లెక్క వేషం మార్చుకుని వచ్చింది! బస్సులో కూర్చుని నాకు నేనే నవ్వుకుంటే పక్కావిడ అదోలా చూసింది.

జీడిపప్పు అంటే గుర్తొచ్చింది. ఇందులో ఒక లెక్కలో డబ్ల్యూ 320 గుండ్లు అని రాసి ఒక్కో గుండు సగటు బరువు 3 గ్రాములు అని ఇచ్చారు. మా మేనత్త వాళ్లది జీడిపప్పుకి పేరున్న పలాస. డబ్ల్యూ 320 అంటే పౌనుకి 300 నుంచి 320 గుండ్లు తూగాలి, అంటే ఒక్కోటి ఒకటిన్నర గ్రాము ఉంటే గొప్ప. మూడు గ్రాముల గుండు ఎక్కడ దొరుకుతుందో చెప్తే మా అత్త ఇవాళే వెళ్లి కొనుక్కొస్తుంది. జవాబుకి దీనివల్ల నష్టమేం లేదు, కానీ మన జిల్లాలో అమ్మే బుక్కులో ఇలా ఉంటే ఎలా?

ప్రపోర్షన్ లెక్కల దగ్గర కొంచెం జాగ్రత్తగా ఉండాలి. 63వ లెక్కలో 150 మందిని అడిగారు, అసలు నిష్పత్తి 0.4, శాంపిల్లో 72 మంది గాని అంతకంటే ఎక్కువ గాని అవునని చెప్పే సంభావ్యత అడిగారు. స్టాండర్డ్ ఎర్రర్ 0.04, జెడ్ 2, జవాబు 0.0228 అని వెనక వేశారు. అర సవరణ చేసి 71.5 నుంచి లెక్కిస్తే జెడ్ 1.92 అయి 0.0274 వస్తుంది, అసలు విలువకి అదే దగ్గర. మనుషుల్ని లెక్కపెడుతున్నాం కదా, 71కీ 72కీ మధ్య మనిషి ఉండడు, ఆ సందుని నార్మల్ కర్వ్ కోసం సగం సగం పంచాలి. ఈ బుక్కు ఆ ముక్క ఎక్కడా చెప్పదు. ఆబ్జెక్టివ్ పరీక్షలో ఈ రెండు జవాబులూ ఆప్షన్లలో ఉంటే మీ పని అంతే.

కానీ 70వ లెక్క పెట్టినవాళ్లకి మాత్రం దండం. లోపం ఉన్న సరుకు 2 శాతం, 100 తీస్తే ఒక్కటి కూడా లోపంది లేకుండా ఉండే సంభావ్యత. నేను సరాసరి నార్మల్ పెట్టి 0.0764 తెచ్చాను. వెనక 0.1326 ఉంది. బుక్కే తప్పనుకుని రెండు రోజులు తిట్టుకున్నాను. తీరా చూస్తే వందకి రెండు శాతం అంటే రెండే, ఎన్‌పీ (శాంపిల్ సంఖ్యని నిష్పత్తితో గుణిస్తే వచ్చేది) కనీసం 5 అయినా లేనిదే నార్మల్ జోలికి పోకూడదు, 0.98ని వందసార్లు గుణించుకోవాల్సిందే. ఆ రెండు రోజుల తిట్లూ వెనక్కి తీసుకుంటున్నాను.

ఇక అసలు తిట్లు. మొదటిది 87వ లెక్క, రెండు సగటుల తేడా. ఒకవైపు డీవియేషన్ 15, శాంపిల్ 75, రెండోవైపు 8, 64. సగటుల వేరియెన్సులు (డీవియేషన్ వర్గాన్ని శాంపిల్ సంఖ్యతో భాగిస్తే) 3, 1 వస్తాయి, కలిపితే 4, దాని రూట్ 2. వెనక జవాబులో 3 లోంచి 1 తీసేసి, మిగిలిన 2కి రూట్ కట్టి 1.41 పట్టారు. సగటులు తీసివేస్తున్నాం కదా అని వేరియెన్సులు కూడా తీసివేశారన్నమాట. రెండుచోట్లా ఊగుతున్నవాటిని పక్కపక్కన పెడితే ఊగుడు పెరుగుతుంది గానీ తగ్గుతుందా! కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇది చూసి ఇదే కరెక్టని మనసులో పెట్టుకుంటే మళ్లీ చెరపడం కష్టం. పెన్సిల్‌తో దిద్దుకోండి.

రెండోది టేబుళ్లు. రెండున్నాయన్నాను కదా, ఒకదాంట్లో 1.5 ఎదురుగా 0.4332 ఉంటుంది, రెండోదాంట్లో 0.9332. మొదటిది మధ్య నుంచి కొలిచింది, రెండోది ఎడమ చివర నుంచి. పైన పేరు రాయరు, బొమ్మ గీయరు. అందులోనూ ప్రింటు పలచబడి కొన్నిచోట్ల మైనస్ గుర్తులు ఎగిరిపోయాయి, 6కీ 8కీ తేడా తెలియదు. నేను రెండో టేబుల్ మీద పెద్ద ఇంటూ మార్కు కొట్టి మొదటిదే వాడుతున్నాను.

మూడోది నా కాపీలో 41 నుంచి 44 పేజీలు లేవు. వెళ్లి అడిగితే కుర్రాడు "మాదేటి తప్పు కాదక్కా, ఒరిజినలే అలాగుంది" అన్నాడు. కౌంటర్ మీద ఉన్న ఇంకో కాపీ తెరిచి చూపిస్తే అందులో ఉన్నాయి. నవ్వేసి ఆ నాలుగు పేజీలూ తీసిచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. అయినా రానూపోనూ ఆటో ఖర్చు నాదే.

లేనివి కూడా చెప్పాలి. సిగ్మా తెలియకుండా చిన్న శాంపిల్ ఉన్నప్పుడు వాడే టి డిస్ట్రిబ్యూషన్ మీద ఒక్క లెక్క లేదు. 1908లో గోసెట్ గారు గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేస్తూ స్టూడెంట్ అనే పేరుతో రాసింది సరిగ్గా దాని గురించే, శాంప్లింగ్ డిస్ట్రిబ్యూషన్ బుక్కులో అది లేకపోవడం వెలితే. ఉన్న సరుకు తక్కువైనప్పుడు చేసే సవరణ మీద నాలుగే లెక్కలు. 400 బస్తాల్లోంచి 100 తీస్తే స్టాండర్డ్ ఎర్రర్‌ని 0.867తో గుణించాలి, అది మర్చిపోతే జవాబు మారిపోతుంది, పరీక్షలో అడుగుతారు కూడా. నాలుగు చాలవు.

ఆఖరి పేజీ గురించి రాయకపోతే అన్యాయం. అక్కడ లెక్క కాదు, పని ఇచ్చారు. 1, 3, 5, 7 అని నాలుగు చీటీలు రాసి, రెండేసి తీసి, సగటులు రాసుకోమన్నారు. ఆదివారం మా అమ్మ చేత టిఫిన్ డబ్బా మూతలోంచి తీయించాను. తీసింది మళ్లీ వేసేస్తే వచ్చే జంటలు 16, వాటి సగటుల సగటు 4, వేరియెన్సు 2.5. అసలు వేరియెన్సు 5, రెండుతో భాగిస్తే అంతే కదా. తీసింది వేయకపోతే ఆరే జంటలు, సగటులు 2, 3, 4, 4, 5, 6, వేరియెన్సు 1.67కి దిగింది. పైన చెప్పిన ఆ బస్తాల సవరణ ఎందుకో నాకు అప్పుడు కంటికి కనిపించింది, పెద్ద ఫార్ములా ఏమీ లేదు, వేయకుండా తీస్తున్నాం కాబట్టి ఒకే అంచు అంకె రెండుసార్లు రాదు, అందుకే సగటులు మధ్యకి జరుగుతాయి. అమ్మ అరగంట ఓపిగ్గా తీసి, "ఇంతకీ చీటీ ఎవరికొచ్చిందే?" అంది.

కొత్తగా మొదలెట్టేవాళ్లు దీన్ని మొదటి పుస్తకంగా కొనకండి, ఒక్క లెక్కా విడమరిచి చేసి చూపించలేదు, భయపడిపోతారు. ఏదో ఒక గైడు ఒకసారి పూర్తిచేసి, నాలాగా "అన్నీ వచ్చు కానీ మార్కులు రావడం లేదు" అనేవాళ్లకి మాత్రం రోజుకి ఆరు లెక్కల చొప్పున ఇరవై రోజుల పని. ఐదుకి మూడున్నర ఇస్తాను. ప్రింటు బాగుండి 87వ లెక్క దిద్దితే నాలుగున్నర ఇచ్చేదాన్ని. షాపు ఆదివారం మధ్యాహ్నం దాకే ఉంటుంది, 41 నుంచి 44 పేజీలు ఉన్నాయో లేదో అక్కడే తిప్పి చూసుకుని అప్పుడు డబ్బులివ్వండి.